అమ్మణ్ణి కుడి కాలు

కుంటుతున్న కుక్కకు నూనె రాయకండి. అది దూడంత కుక్కయితే అసలే రాయకండి. ఈ ఒక్క మాట చెప్పడానికే కూర్చున్నాను. మిగతాదంతా నా కడుపుమంట, ఓపికున్నవాళ్లు చదవండి.

పోయిన నెలలో బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మొగుడూ పెళ్లాలిద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు, అందులో ఒక గ్రేట్ డేన్. నేనొకప్పుడు ఆ జాతి కుక్కను పెంచానని ఎవరో చెప్పారట. వాళ్ల కుక్క రెండు వారాలుగా కుంటుతోందనీ, బొమ్మనహళ్ళిలో కట్టు కట్టే ముసలాయన అడ్రస్ కావాలనీ అడిగింది. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. ముందు ఎక్స్‌రే తీయించు తల్లీ, ఆ తర్వాత కావాలంటే తాయెత్తు కట్టుకో అన్నాను. అసలు అంత పెద్ద కుక్కను అంత చిన్న ఇంట్లోకి ఎందుకు తెచ్చారని అడిగితే, తమ అపార్ట్‌మెంట్లో ఇంకెవరికీ లేదు కాబట్టి తెచ్చామంది. నిజం చెప్పింది కదా అని ఆ పిల్లను ఇంకేమీ అనలేదు. మేమూ అందుకే తెచ్చుకున్నాం, కాకపోతే మేము ఒప్పుకోలేదు.

తొంభై ఆరు, వేసవి

మా ఆయన నాగరాజుకు జిగణిలో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉంది. నేను హోసూరు రోడ్డు మీద ఒక గార్మెంట్స్‌లో లైన్ సూపర్‌వైజర్ని. ఇద్దరిదీ కదిరి ప్రాంతమే. పెళ్లయిన ఏడాదే బెంగళూరు వచ్చి బొమ్మనహళ్ళిలో దిగాం. పిల్లలు లేరు. ఆ సంగతి అడిగేవాళ్లను ఎక్కడుంచాలో నాకు బాగా తెలుసు.

ఆ వేసవిలో మా ఆయన ఎవరో పెద్ద గిరాకీ ఇంటికి పలకలు చూపించడానికి వెళ్లి, వాళ్ల గేటు దగ్గర గ్రేట్ డేన్‌ను చూసి వచ్చాడు. వారం రోజులు అన్నం సయించలేదు. ఫ్యాక్టరీకి కాపలా కావాలి, సరుకు పోతుంది అని మొదలుపెట్టాడు. ఒక్కో పలకను లేపడానికి ఎనిమిది మంది కావాలి. దొంగ వస్తే వాడి నడుము పోతుందే తప్ప మన పలక పోదు. ఆ మాటే అన్నాను. ఆయన వినలేదు. పరువు పిచ్చి పట్టినవాడికి చెవులు పనిచేయవు.

కంటోన్మెంటు వైపు ఒక దొరగారి దగ్గరికి తీసుకుపోయాడు. టై కట్టుకుని కుక్కపిల్లల్ని అమ్మే మనిషిని నేను అప్పుడే చూశాను. గోడనిండా కుక్కల పోటీల్లో గెలిచిన కప్పులు, కుక్కల ఫోటోలు. ఇవి ఎన్నేళ్లు బతుకుతాయని అడిగాను. మంచి తిండి పెడితే పన్నెండు పదమూడేళ్లు, ఢోకా లేదన్నాడు. ఈ జాతి ఏడెనిమిదేళ్లు బతికితే గొప్ప అని నాకు తర్వాత తెలిసింది. గుర్రమంత ఒళ్లు ఏడాదిన్నరలో పెరగాలంటే గుండె, ఎముకలు, కడుపు అన్నీ తొందరగా అరిగిపోతాయట. ఆ పెద్దమనిషికి ఇది తెలియకపోవడమనేది ఉండదు. ఆ గోడమీద ఉన్నవన్నీ చచ్చిపోయిన కుక్కల ఫోటోలే.

కాగితాల మీద దానికి ఇంగ్లీషులో మూరెడు పేరు రాసిచ్చాడు. మా ఆయన ఆ పేరు పలకడానికి నాలుగు రోజులు తంటాలు పడ్డాడు. నేను మొదటి రోజే అమ్మణ్ణీ అని పిలిచాను, అది తల ఎత్తి చూసింది. ఆ తర్వాత ఆ కాగితం ఎక్కడ పోయిందో ఎవరూ వెతకలేదు.

హోసూరు రోడ్డు పక్కన చిన్న క్లినిక్ పెట్టుకున్న కన్నడ డాక్టరమ్మ సూదిమందు వేస్తూ మంచి మాటలు చెప్పింది. పెద్ద జాతి పిల్లను తొందరగా పెంచకూడదు. కాల్షియం టానిక్కులు పోయకూడదు, మెట్లు ఎక్కించకూడదు. తిండి ఒకేసారి గిన్నెడు పెట్టకుండా మూడు పూటలు పెట్టాలి. తిన్న తర్వాత గంటసేపు పరుగెత్తనివ్వకూడదు, కడుపు మెలిపడితే ప్రాణమే పోతుంది. అన్నిటికీ మా ఆయన తల ఊపాడు. ఇంటికొచ్చి కాల్షియం సీసాలు అరడజను తెచ్చి అల్మారాలో పెట్టాడు. ప్రతి ఆదివారం దాన్ని గోడకు ఆనించి పెన్సిలుతో గీత గీసేవాడు. ఆ గిరాకీ వాళ్ల కుక్కకంటే ఒక అంగుళమైనా ఎత్తు పెరగాలని ఆయన పంతం.

రాగిసంకటిలోనే కావలసినంత బలం ఉంది, దానిమీద మళ్లీ టానిక్కు ఎందుకని నేను గొడవ పెట్టుకున్నాను. నాలుగో నెలలో దాని ముందుకాళ్లు విల్లులా వంగి దొడ్డికాళ్లయ్యాయి. డాక్టరమ్మ వచ్చి చూసి మా ఆయనను నానా చీవాట్లు పెట్టింది. నేను మిగిలిన సీసాలన్నీ తీసుకెళ్లి మునగచెట్టు మొదట్లో పోశాను. రెండు నెలల్లో కాళ్లు చక్కబడ్డాయి. ఆ రోజు నుంచి అమ్మణ్ణి విషయంలో మా ఆయన నాకు ఎదురు చెప్పడం మానేశాడు. నాదే నిజమైందని ఊరంతా చెప్పుకున్నాను. నా కొంప ముంచింది ఆ ఒక్క గెలుపే.

ఐదేళ్లు

ఈ ఐదేళ్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, సుఖంగా ఉన్నాం. ఫ్యాక్టరీ కాపలా ఉత్తమాటే అయింది. అది ఒక్కరోజు కూడా అక్కడ ఉండలేదు, మొదటి పూటే ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. ఇంట్లోనే మకాం పెట్టింది. బల్లి కనిపిస్తే నా వెనక దాక్కునేది. దాక్కుంటే ఏం లాభం, నాకు అటూ ఇటూ మూరెడు కనిపించేది.

అది వచ్చిన ఏడాదే మా ఆయన ఇంటినిండా నల్ల గ్రానైట్ పరిపించాడు. అద్దంలా మొహం కనిపించే పాలిష్. వచ్చినవాళ్లు చెప్పులు విప్పి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచించేవాళ్లు. అమ్మణ్ణి దానిమీద నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయి కూలబడేది. గట్టినేల మీద పడుకుని పడుకుని మోచేతులు కాయలు కాశాయి. మా యూనిట్‌లో కటింగ్ వేస్టు మూటలు తెచ్చి, డెనిమ్ గుడ్డతో దానికి పరుపు కుట్టాను. ఏడాదికి రెండు పరుపులు చింపేది. దాని చొంగ తుడవడానికి నా భుజాన ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండేది, గార్మెంట్స్‌కు కూడా అదే భుజాన వేసుకుని వెళ్లి నవ్వులపాలయ్యాను. సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు మీదుగా తల పెట్టి చూసేది. ఆ తల చూడగానే తొమ్మిది గంటలు నిలబడిన కాళ్లు నొప్పి మరిచిపోయేవి. నేను దాన్ని ప్రేమించాను. ఆ మాట రాయడానికి సిగ్గెందుకు?

వీధిలో నడిపిస్తుంటే ప్రతివాడికీ ఒకటే ప్రశ్న. ఎంత తింటుంది? గుర్రమా గాడిదా? దీని బదులు ఆవును పెంచుకుంటే పాలన్నా ఇస్తుంది కదా? ఐదేళ్లలో ఒక్క మనిషైనా దాని పేరడగలేదు.

రెండువేల ఒకటి, దసరా తర్వాత

ఒకరోజు పొద్దున అమ్మణ్ణి కుడి ముందుకాలు ఎత్తి ఎత్తి వేస్తోంది. మధ్యాహ్నానికి సర్దుకుంది. రెండు రోజులకు మళ్లీ. ఇంకేముంది, జారింది అనుకున్నాను. ఇంటినిండా అద్దాలు పరిస్తే కుక్క జారక ఏం చేస్తుందని మా ఆయనను తిట్టాను. నేను డ్యూటీలో ఉండగా ఆయన టెంపో తెప్పించి దాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి చీటీతో వచ్చాడు.

"ఎక్స్‌రే తీయాల్నంట సరోజా. మణికట్టు పైన ఎముక ఉబ్బినట్ల ఉండాదంట."

"నీ రాయి మీద జారి బెణికిందానికి ఎక్స్‌రేనా? మన ఊర్లో ఎద్దులకు ఎవురు తీసినారయ్యా ఎక్స్‌రేలు?"

"కాదు, డాక్టరమ్మ గట్టిగా చెప్పింది..."

"ఆ గిరాకీ వాళ్ల కుక్కకు తీసింటారు. నువ్వూ తీపియ్యల్ల, అంతే కదా?"

అని ఆయన చేతిలో చీటీ లాక్కుని నాలుగు ముక్కలు చేసి ఉల్లిపాయ పొట్టుతో పాటు చెత్తబుట్టలో వేశాను. ఆయన ఆ బుట్టవైపు ఒకసారి చూసి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. పాలిషూ, దొరగారూ, కాల్షియమూ అన్నీ కలిపి ఆయన చేసేదంతా పైపై పటారమేనని నా నమ్మకం. ఆయన నోటినుంచి వచ్చింది కాబట్టి ఎక్స్‌రే కూడా పటారమే అయింది. నేను తిరస్కరించింది డాక్టరు మాటను కాదు, మా ఆయన నోటిని.

మా బస్టాపు వెనక సందులో ఓబులేశు తాత ఉండేవాడు. మా వైపు మనిషే. చెయ్యి విరిగినా కాలు బెణికినా గార్మెంట్స్ పిల్లలంతా ఆయన దగ్గరికే పోయేవాళ్లు. చిన్నప్పుడు మా తమ్ముడి చెయ్యి విరిగితే ఇలాంటి కట్టుతోనే అతికింది. అమ్మణ్ణిని నడిపించుకుని వెళ్లాను. తాత దాని కాలు రెండు చేతులతో పైనుంచి కిందిదాకా తడిమి చూశాడు.

"పశువులకు కట్టినా గానీ, కుక్కకు ఎప్పుడూ కట్టలేదమ్మా. ఇది బెణుకు మాదిరి లేదు. ఎముక కాల్తా ఉండాది, చూడు."

నేను చూడలేదు. నడిచిరావడం వల్ల వేడెక్కింది, మీరు కట్టండి అన్నాను. ఆయన మళ్లీ ఒకసారి వద్దన్నాడు. నేను మళ్లీ కట్టమన్నాను. మినప్పిండి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి గుడ్డకు పట్టించి, వెదురు దబ్బలు పెట్టి కట్టాడు. పెద్దపెద్ద డిగ్రీలున్న డాక్టరమ్మా, బడికి పోని ఓబులేశు తాతా ఒకే మాట చెప్పారు. మధ్యలో తెలివైనదాన్ని నేనొక్కదాన్ని ఉన్నాను.

ఆరు వారాలు

పది రోజులకొక కట్టు. కట్టు విప్పిన రోజు నువ్వులనూనె వెచ్చజేసి మర్దన చేసేదాన్ని. తాత మర్దన చెప్పలేదు, అది నా సొంత తెలివి. మొదట్లో అమ్మణ్ణి నా చెయ్యి నాకేది. తర్వాత కాలు వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టింది. మూడో కట్టు విప్పిన రోజు, నేను బొటనవేలితో ఉబ్బు మీద ఒత్తితే, జీవితంలో మొదటిసారి గుర్రుమంది. నామీదనే ఎదురు తిరుగుతావా అని మూతిమీద ఒకటిచ్చాను. అది తల దించుకుని కాలు మళ్లీ నా ఒళ్లో పెట్టింది.

ఆ దెబ్బ గురించి ఇంతవరకు ఒకేఒక్కసారి నోరు విప్పాను. ఇప్పుడు రాశాను.

మా ఆయన రోజూ సాయంత్రం దాని కాలు చూసి, నన్ను చూసి, ఏమన్నా తగ్గిందా అని అడిగేవాడు. తగ్గుతోంది అనేదాన్ని. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఎక్స్‌రే మాట మళ్లీ ఎత్తితే మునగచెట్టు కింద పోసిన సీసాల దగ్గర్నుంచి మొదలుపెడతానని ఆయన భయం.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం పొద్దున, వాకిట్లో ఉన్న ఒకేఒక్క మెట్టు దిగుతూ అమ్మణ్ణి పడిపోయింది. జారలేదు. అది మామూలు సిమెంటు మెట్టు, గరుకుది. ఎండుకట్టె విరిచినట్టు చప్పుడైంది. తర్వాత అది వేసిన కేక విని వీధంతా తలుపులు తీసి చూసింది. ఒక్కరూ గేటు దాటి లోపలికి రాలేదు. కరుస్తుందని భయమట.

వచ్చింది ఫ్యాక్టరీ పనివాళ్లు. ఆదివారం సెలవు, అయినా మా ఆయన కబురు పెడితే ఎనిమిది మందీ వచ్చారు. ఒక చెక్క తెచ్చి, దానిమీద పరుపు వేసి, పాలిష్ పలకను లేపినట్టు అందరూ ఒక్క ఊపున లేపారు. ఎవరి చెయ్యీ వణకలేదు, చెక్క ఒక పక్కకు ఒరగలేదు. టెంపోలో కూడా ఆ చెక్కను పట్టుకుని నగరం దాటేదాకా కూర్చున్నారు. వాళ్ల ఊళ్లు ఏవో, ఇళ్లల్లో ఎవరున్నారో అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా అడిగి ఎరగను.

పెద్ద పశువుల ఆస్పత్రి

ఎక్స్‌రే మిషన్ ఉన్నది నగరానికి అవతలి పక్కన, ఒక పెద్ద ఆస్పత్రిలో. వరండాలో మూడు గంటలు కూర్చున్నాం. ఒళ్లో పొమరేనియన్‌ను పెట్టుకున్న ఒకావిడ, మా చెక్కను చూసి, ఇంత పెద్దవాటిని ఎందుకు పెంచుతారో, పాపం అంది. ఆ పాపం ఎవరికో నాకు అర్థం కాలేదు. చిలుకను తెచ్చిన ఒకాయన ఎంత తింటుందని అడిగాడు. కాలు విరిగి మూలుగుతున్న జంతువును చూసి తిండి లెక్క అడిగే బుద్ధి మనుషులకే పుడుతుంది. వాడికి నేను జవాబు చెప్పిన తీరుకు చిలుక కూడా నోరు మూసుకుంది.

ఆనేకల్ వైపు నుంచి ఒక రైతు ఆవును తెచ్చుకుని కూర్చున్నాడు. ఆయన తన ఆవుకు తెచ్చిన గడ్డిలో సగం తీసి అమ్మణ్ణి తల కింద మెత్తగా పరిచాడు. తర్వాత దాని చెవి వెనక నిమిరాడు.

"నొప్పి ఎక్కువుండాదా తల్లీ నీకు?" అన్నాడు. నన్ను కాదు, దాన్నే అడిగాడు. ఆ తర్వాతే నావైపు తిరిగాడు. "ఎన్నేండ్లమ్మా?"

ఐదున్నర అన్నాను. ముసలిదే ఇక, వీటికి అంతే వయసు అని చెప్పాను. ఆయన గిన్నెంత ఉన్న దాని పాదం వైపు చూశాడు. ఇంత ఒళ్లిచ్చి అంత తక్కువ ఆయుష్షు ఎట్ల ఇచ్చినారప్పా అన్నాడు. దేవుణ్ణి అన్నాడనుకుంటాను. దేవుడి పని కాదు, కప్పుల కోసం ఎత్తు పెంచుకుంటూ పోయిన మనుషుల పని అని చెబుదామనుకున్నాను. కానీ ఆయన గడ్డి మీద మా అమ్మణ్ణి తల ఉంది, ఊరుకున్నాను.

ఆస్పత్రివాళ్లు కాలికీ ఛాతీకీ ఎక్స్‌రేలు తీసి, విరిగిన కాలికి కట్టు వేసి, నొప్పికి సూది ఇచ్చి, ఫిల్ములు చేతికిచ్చి మీ డాక్టరుకు చూపించుకోండన్నారు.

డాక్టరమ్మ గదిలో

మరునాడు డాక్టరమ్మ ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టింది. చిమ్మటలు తిన్న గుడ్డను రోజూ చూసేదాన్ని, నాకు చెప్పనక్కర్లేదు. మణికట్టు పైన ఎముక అచ్చం అలాగే చిల్లులు పడి ఉంది. ఎముక క్యాన్సర్. ఛాతీ ఫిల్ములో కూడా మచ్చలు పడ్డాయి. పెద్ద జాతులకు ఎక్కువగా వచ్చే రోగమే ఇదని, నేల వల్లా కాదు, టానిక్కు వల్లా కాదని చెప్పింది. తర్వాత ఫిల్ము బల్లమీద పెట్టి మా ఇద్దరివైపూ చూసింది. ఆమె తెలుగు అంతంతమాత్రం, ఆ రోజు మాత్రం తడుముకోలేదు.

"ఆరు వారం ముందే రాసిచ్చినాను. ఎందుకు తీయించలేదు?"

నోరు తెరిచాను. నాకంటే ముందు మా ఆయన మాట్లాడాడు.

"నాదే తప్పు మేడం. పనిలో పడి మర్సిపోయినా."

అంతే. ఆమె ఆయనను కడిగేసింది. పేరుకు పెద్ద కుక్క, చూపించుకోవడానికి కుక్క, చీటీ ఇస్తే జేబులో పెట్టుకుని మరిచిపోయే మనుషులకు ఇవెందుకని అడిగింది. అప్పుడే ఎక్స్‌రే తీయించినా బతికేది కాదట, ఈ రోగం అలాంటిది. కానీ నొప్పికి మందులిచ్చి, అవసరమైతే కాలు తీసి, ఉన్నన్నాళ్లు హాయిగా ఉంచేవాళ్లట. ఆరు వారాలు ఆ ఎముకను ఎవరైనా ఒత్తితే ప్రాణం పోయినంత నొప్పి అని చెప్పింది. నేను నా బొటనవేళ్లు కొంగులో దాచుకున్నాను. మా ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నాడు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. అబ్బే, పైపెచ్చు ఆయనవైపు కోపంగా కూడా చూశాను.

ఇంక పొడిగించవద్దంది. మాత్రలిస్తాను, తిండి మానేసిన రోజు ఫోన్ చేయండి, ఇంటికొచ్చి సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చుతానంది.

పన్నెండు రోజులు

ఇల్లు నరకమైంది. మా ఆయన మద్రాసు తీసుకెళ్దామనీ, ఇంకో డాక్టరుకు చూపిద్దామనీ తిరిగాడు. చచ్చేదాన్ని ఊళ్లు తిప్పి గొప్పలు పోతావా అని నేను అరిచాను. యూనిట్‌లో అడిగిన ప్రతి ఆడపిల్లకూ ఒకటే చెప్పాను, మా ఆయన పోసిన కాల్షియం, మా ఆయన పరిచిన రాయి అని. రెండూ కావని డాక్టరమ్మ నా చెవుల ముందే చెప్పింది. అయినా ఆ మాటలు నా నోట్లోంచి వాటంతటవే వచ్చేవి. ఆయన ముందు కూడా అనేదాన్ని. ఆయన అవునన్నట్టు తల ఊపేవాడు.

ఐదో రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంటినిండా బురదనీళ్లు. ఫ్యాక్టరీ నుంచి ఇద్దరు మనుషులనూ గ్రైండింగ్ మిషన్‌నూ తెప్పించి, హాల్లో నేల పాలిష్ అంతా చెరిపేయిస్తున్నాడు. అమ్మణ్ణిని వరండాలో పడుకోబెట్టాడు. ఐదేళ్లు మొహం చూసుకున్న నేల గరుకుబండలా, బూడిదరంగులో ఉంది. లేచి నిలబడలేని కుక్కకు ఇప్పుడెందుకీ వేషమని అడిగాను.

"మాత్రలకు ఒకవేళ లేస్తే? మళ్ల జారితే?" అన్నాడు.

నేను నవ్వాను. ఎలాంటి నవ్వో గుర్తు తెచ్చుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం. నేను చెప్పిన అబద్ధాన్ని ఆ మనిషి నమ్మి, తనకు ఉన్న ఒకేఒక్క గొప్పను చేతులారా గీకి పారేశాడు.

పన్నెండో రోజు అమ్మణ్ణి సంకటి ముట్టలేదు. పెరుగు వేలితో రాస్తే నాకలేదు. డాక్టరమ్మ పొద్దున పదింటికి వచ్చింది. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. విరిగిన కాలు కదిలితే నొప్పి పుడుతుందని మా ఆయన దాన్ని రెండు అరచేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. ఒత్తలేదు, ఊరికే పట్టుకున్నాడు. సూది వేశాక దాని ఒళ్లు ఒక్కసారి బరువెక్కింది. కళ్లు మాత్రం నావైపే ఉన్నాయి. డాక్టరమ్మ గుండె విని, అయిపోయిందమ్మా అంది. ఆమె వెళ్లేటప్పుడు మా ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ రోజు తిట్టినందుకు కావచ్చు.

జిగణిలో ఫ్యాక్టరీ వెనక పూడ్చాం. గుంట తవ్వింది ఆ ఎనిమిది మందే. పైన పెట్టడానికి మంచి నల్లపలక ఒకటి తెచ్చారు. మా ఆయన వద్దన్నాడు. దానిమీద రాయి పెట్టొద్దప్పా అన్నాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పక్కింటి జయమ్మ ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వాకిట్లో ఉంది. ఆ పన్నెండు రోజుల్లో మా గేటు లోపలికి వచ్చిన ఇరుగుపొరుగు ఆమె ఒక్కతే, అదీ కుక్క చచ్చాక. ఎట్ల పోయిందక్కా, ఏం రోగమని అడిగింది. నాకు అలవాటైన మాట నోట్లోకి వచ్చేసింది. ఈయన పోసిన కాల్షియం, ఈయన పరిచిన... అంటున్నాను. కొళాయి దగ్గర కాళ్ల మట్టి కడుక్కుంటున్న మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు:

"అవునక్కా. నా తప్పే."

కాళ్లు కడుక్కుంటూ, ఎన్నిసార్లు అన్నాడో తనకే లెక్కలేని మాటలా అన్నాడు.

"ఆయన కాదు, నేను," అన్నాను. "డాక్టరు చీటీ రాసిస్తే నేనే చించి పారేసినా. నొప్పి పుడ్తా ఉంటే నేనే ఒత్తినా. మూతిమీద కొట్టినా."

నా జన్మలో అంత కష్టపడి చెప్పిన మాట ఇంకొకటి లేదు. జయమ్మ కాఫీ గ్లాసులో పోస్తూనే ఉంది.

"పోనీలేక్కా," అంది. "కుక్కే కదా. ఇంకోటి తెచ్చుకుంటే పోయె."

మా ఆయన కొళాయి కట్టేసి, నావైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. నేను చెప్పినదాంట్లో చీటీ సంగతి ఆయన కళ్లారా చూసిందే. నూనె మర్దన కూడా చూశాడు. మూతిమీద దెబ్బ సంగతీ, నేను ఒప్పుకోవడమూ మాత్రం ఆ రోజే మొదటిసారి విన్నాడు.

ఇది జరిగి ఏడేళ్లయింది. జయమ్మతో నేను మళ్లీ మాట్లాడలేదు, ఆమెకు కారణం తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మా ఆయన నన్ను క్షమించాడో లేదో ఇంతవరకు అడగలేదు. అడిగితే, నాదే తప్పులే సరోజా అంటాడేమోనని భయం.